షాడో చేతిలో చచ్చినవాళ్ళు

నేను సత్తెనపల్లిలో హైస్కూలు చదివే రోజుల్లో, అంటే 1980ల మొదట్లో, పుస్తకాలు రెండు చోట్ల దొరికేవి. ఒకటి గ్రంథాలయం. వావిలాల గోపాలకృష్ణయ్యగారి ఊరు కదా మాది. ఖద్దరు బట్టలు, చేతిసంచీ తప్ప ఆస్తంటూ పోగేసుకోని ఆ మనిషి గ్రంథాలయోద్యమంలో పనిచేసినవాడు, మా ఊరి నుంచే శాసనసభకు వెళ్ళినవాడు. ఆయన మీద గౌరవంతోనో భయంతోనో గ్రంథాలయంలో గట్టిగా మాట్లాడేవాళ్ళం కాదు. రెండోది అద్దె పుస్తకాల కొట్టు. అక్కడ ఎంత గట్టిగా మాట్లాడినా అడిగేవాడు లేడు. రోజుకి పావలా. అట్ట చిరిగితే దండగ. చివరి పేజీ చింపితే మళ్ళీ కొట్టు మెట్లెక్కనిచ్చేవాడు కాదు.

గ్రంథాలయంలో లేనివీ, కొట్టులో ఎప్పుడూ చేతికందనివీ ఒకే పుస్తకాలు: మధుబాబు షాడో నవలలు. చేతికందవు అనడం ఎందుకంటే అవి ఎప్పుడూ ఎవరో ఒకరి దగ్గరే ఉండేవి. జిన్నింగు మిల్లు గుమాస్తా, కోర్టు వాయిదాకి వచ్చి బెంచీ మీద కూర్చున్న పల్లెటూరి మనిషి, మాచర్ల బండి కోసం ప్లాట్‌ఫాం మీద ఎదురుచూసే కాలేజీ కుర్రాడు, ఇంట్లో తలుపేసుకుని చదివే మా అక్క. ఇంతమంది చదివిన ఆ పుస్తకాల గురించి మన సాహిత్య చరిత్రలు ఒక పేరా రాస్తే గొప్ప. రాసిన పేరాలో కూడా ‘కాలక్షేపం’ అన్న మాట తప్పకుండా ఉంటుంది. కాలక్షేపమే, కాదనను. ఏ కాలాన్ని, ఎవరు, దేన్ని మర్చిపోవడానికి క్షేపించారన్నదే నాకు ఇప్పటికీ తేలని ప్రశ్న.

షాడో ఆకాశం నుంచి ఊడిపడలేదు. అతనికి ముందు తెలుగులో ఒక తరం డిటెక్టివులున్నారు. 1950ల నుంచి కొమ్మూరి సాంబశివరావు రాసిన నవలల్లో డిటెక్టివ్ యుగంధర్, అతని అసిస్టెంటు రాజు ఇంటింటి మనుషులైపోయారు. కొమ్మూరి తెనాలివాడు. అంటే ఆయన పుట్టిన ఊరు మాకు ఓ పూట బస్సు ప్రయాణం. యుగంధర్ పని ఆలోచించడం. శవం దొరుకుతుంది, అనుమానితులు నలుగురుంటారు, ఆయన బూడిదనీ బొత్తాన్నీ చూసి ఆఖర్న వేలెత్తి చూపిస్తాడు. ఎడ్గార్ వాలెస్ తరహా కథల్ని మద్రాసు వీధుల్లోకి తెచ్చి, మన మాటల్లో, మన మర్యాదల్లో కూర్చోబెట్టాడు కొమ్మూరి. అందులో చంపేవాడు దాక్కుంటాడు. కథంతా వాణ్ణి వెతకడమే.

1960లు దాటేసరికి పాఠకుడు మారాడు. 1962లో చైనాతో యుద్ధం, 1965లో, 1971లో పాకిస్తాన్‌తో. సరిహద్దు అన్న మాట రేడియో వార్తల్లోంచి ఇళ్ళలోకి వచ్చింది. 1962లోనే తొలి జేమ్స్ బాండ్ సినిమా వచ్చింది. 1966లో కృష్ణ ‘గూఢచారి 116’గా తెర మీదకొచ్చాడు. 1973లో బ్రూస్ లీ ‘ఎంటర్ ది డ్రాగన్’ వచ్చాక గోచీ పెట్టుకున్న పిల్లాడు కూడా గాల్లోకి కాలు విసరడం నేర్చాడు. ఇవన్నీ కలిసి అడిగిన మనిషి షాడో. అతను వెతకడు, కొడతాడు. నేరప్రపంచంలోంచి వచ్చి, కులకర్ణి నడిపే సి.ఐ.బి. అనే కల్పిత సంస్థలో ఏజెంటై, దేశం కోసం చంపుతాడు. దాక్కోవాల్సిన హంతకుడు కథానాయకుడయ్యాడు. తెలుగు పాపులర్ నవలలో ఇది చిన్న మార్పేం కాదు.

ఈ నవలల్లో ఉన్న బలాన్ని ముందు నిజాయితీగా ఒప్పుకుందాం.

మొదటిది వేగం. ఆ వేగం ఎక్కణ్ణుంచి వచ్చిందో నాకు చాలా ఏళ్ళకి గాని అర్థం కాలేదు. అది తెలుగు వ్యాకరణం ఇచ్చిన వేగం. దూకి, దొర్లి, లేచి, పక్కకి ఒరిగి, చెయ్యి మెలిపెట్టి, గోడకేసి కొట్టి... ఇలా ఎన్ని పనులైనా ఒకే వాక్యంలో కట్టుకుంటూ పోవచ్చు. బళ్ళో క్త్వార్థకం అని చెప్పి మా ప్రాణాలు తీసిన సంగతే ఇది. మాస్టారు దానికి పురాణాల్లోంచి ఉదాహరణ చెబితే నిద్రొచ్చేది. షాడో దాంతోనే ఆరుగుర్ని నేలకూల్చేవాడు. దానికి తోడు మన ధ్వనుల మాటలు: గిరుక్కున, ఛటుక్కున, రివ్వున, ధడేలున. తెలుగులో కొట్లాట రాయడానికి ఇంత సరంజామా ఉందని చూపించిన ఘనత ఈ నవలలదే. ప్రబంధాల్లో యుద్ధ వర్ణనలున్నాయి. అయితే ఒక మనిషి ఇంకో మనిషిని గదిలో, మంచానికీ తలుపుకీ మధ్య కొట్టడం ఎలా రాయాలో వచనంలో తీర్చిదిద్దినవాళ్ళు అద్దె కొట్టు రచయితలే.

రెండోది తోడు. షాడో ఒంటరివాడు కాడు. వాగుడుకాయ ముఖేష్, గంగారాం, శ్రీకర్, బిందు... వీళ్ళ మధ్య ఎకసెక్కాలు, అలకలు, ఆకలి గోలలు లేకపోతే ఆ పుస్తకాలు అంత మందిని అన్నేళ్ళు పట్టి ఉంచేవి కావు. బాంబుల మధ్య కూడా ముఖేష్‌కి తిండి యావే. బాండ్‌కి ఇలాంటి ఇల్లు లేదు. పరాయి దేశపు అచ్చులో మన ఉమ్మడి కుటుంబాన్ని పోసిన తెలివి అది.

మూడోది, గుంటూరు దాటని వాళ్ళకి దేశాలు చూపించడం. నవల పేర్లు చూడండి: ‘టెన్ ఎగైనెస్ట్ షాడో’, ‘బ్లడీ బోర్డర్’. ఇంగ్లీషు రానివాళ్ళు కూడా కొట్టులో ఈ పేర్లు ఠకఠకా చెప్పి అడిగేవాళ్ళు. నాకు అట్లాసు మీద ఆసక్తి పుట్టింది సోషల్ మాస్టారి వల్ల కాదు.

మరి లోపాలు? ఉన్నాయి. అవి ఎక్కువగా ఆ బలాల్లోంచే పుట్టాయి.

షాడో చావడని మనకి మొదటి పేజీలోనే తెలుసు. అదొక్కటే అయితే ఇబ్బంది లేదు. ఫ్రెడరిక్ ఫోర్సిత్ 1971లో ‘ది డే ఆఫ్ ది జాకాల్’ అచ్చువేసేటప్పటికి, కథలో హంతకుడు గురిపెట్టిన ఫ్రెంచి అధ్యక్షుడు డిగాల్ అంతకు ముందు ఏడాదే తన ఇంట్లో మామూలుగా చనిపోయాడు. కాబట్టి ఆ హత్య జరగదని చదివే ప్రతివాడికీ తెలుసు. అలాంటి కథ ఎవరు చదువుతారని కొందరు ప్రచురణకర్తలు తిప్పి పంపేశారు కూడా. అయినా పుస్తకం ప్రపంచమంతా చదివింది. ఎందుకంటే ఫోర్సిత్ ‘చస్తాడా లేదా’ అన్న ప్రశ్నని పక్కన పెట్టి ‘ఎలా చేస్తాడు’ అన్నదాన్ని పట్టుకున్నాడు. చనిపోయిన పసిపిల్లాడి పేరుతో పాస్‌పోర్టు ఎలా పుట్టించాలి, తుపాకిని విడదీసి దేంట్లో దాచాలి, ఏ కిటికీ అద్దెకి తీసుకోవాలి. ఫోర్సిత్ 1962లో పారిస్‌లో రాయిటర్స్ విలేకరిగా పనిచేసినవాడు. ఆ ఏడాది ఆగస్టు 22న పెటీ క్లమార్ దగ్గర డిగాల్ కారు మీద నిజంగానే కాల్పులు జరిగాయి. దానికి నాయకుడు బాస్తియెన్ తిరీని మరుసటి మార్చిలో కాల్చి చంపారు. నవల ఈ నిజంతోనే మొదలవుతుంది. పనిలో పట్టు ఉంది కాబట్టి మనం ఊపిరి బిగబట్టి చదువుతాం.

షాడోలో పని లేదు, ఫలితమే ఉంది. పాస్‌పోర్టు ఎలా వచ్చిందో అడక్కూడదు, వచ్చేసింది. గోడ ఎత్తెంతో అడక్కూడదు, దూకేశాడు. కష్టం అంటే చిత్రహింసల గదే. అక్కడా రెండు పేజీల తర్వాత కట్లు తెగుతాయి. పైగా ఎదుటివాడు దద్దమ్మ. చైనావాడూ పాకిస్తాన్‌వాడూ ఒక్క మూసలో పోసిన కోపిష్ఠులు. వాళ్ళలో ఒక్కడు కూడా సాయంత్రం ఇంటికెళ్ళి కాళ్ళు కడుక్కుని అన్నం తినేవాడు కనిపించడు. ఫోర్సిత్ నవలలో జాకాల్‌ని పట్టుకునే లెబెల్ అలాంటివాడు. భార్య చేత మాటలు పడే, నిద్ర చాలని, ఫైళ్ళు తిరగేసే చిన్న పోలీసు. హంతకుడి మెరుపు కన్నా ఈ గుమాస్తా ఓపికే ఎక్కువ గుర్తుండిపోతుంది. మా ఊరి పోలీసుస్టేషన్లో బల్లమీద తల వాల్చి కేసు డైరీ రాసుకునే హెడ్డుగారు సరిగ్గా అలాంటివారే. ఆయన మన థ్రిల్లర్‌లోకి రాలేదు.

ఇక అసలు లోపం. ఇందాక వ్యాకరణం ఇచ్చిన వేగం అన్నాను కదా. ఆ క్త్వార్థకానికి ఒక షరతుంది. దూకి, లేచి, కొట్టి, పొడిచి... అన్నిటికీ కర్త ఒక్కడే అయి ఉండాలి. ఒక్క వాక్యంలో పది పనులు చేసేవాడు ఒక్కడు, పడిపోయేవాళ్ళు ఆరుగురు. ఆ ఆరుగురూ వాక్యంలో ఎప్పుడూ కర్తలు కాలేరు. వాళ్ళకి పేర్లుండవు. ‘గార్డు’, ‘ఒకడు’, ‘మరొకడు’. కూలిపోయాక పక్క వాక్యంలో ఉండరు. ఇన్ని నవలల్లో షాడో చేతిలో ఎంతమంది చచ్చారో లెక్కపెట్టినవాడు లేడు. లెక్కపెట్టాలని మాకూ తోచలేదు.

మా నేలకి ఇది కొత్త. సత్తెనపల్లి నుంచి పడమరగా పిడుగురాళ్ళ దాటి వెళితే కారెంపూడి వస్తుంది. పన్నెండో శతాబ్దంలో పల్నాటి యుద్ధం జరిగిన చోటు. అక్కడ ఏటా కార్తీకంలో వీరారాధన చేస్తారు. వీరుల పేరు మీద పూజలందుకునే ఆయుధాలు, కొణతాలు, ఊళ్ళ నుంచి మోసుకొస్తారు. ఆ కథ పాడే వీరవిద్యావంతులున్నారు. అందులోనూ రక్తానికి కొదవలేదు. యాక్షన్ అంటే అదీ యాక్షనే. కాని అందులో చచ్చిన ప్రతి ముఖ్యుడికీ పేరుంది, తల్లి ఉంది, పూజ ఉంది. బాలచంద్రుడు కత్తి పట్టి బయల్దేరే ముందు తల్లి ఐతమ్మ గడప దగ్గర అడ్డుపడుతుంది. భార్య మాంచాల మాట మాట్లాడుతుంది. ఆ ఆడవాళ్ళు మాట్లాడేదాకా యుద్ధం ఆగుతుంది. కథ నెమ్మదించేది అక్కడే, మనిషి చావుకి బరువొచ్చేదీ అక్కడే. ఎనిమిది వందల ఏళ్ళ తర్వాత, అదే నేల మీద, బస్టాండులో కూర్చుని మేం చదువుకున్న కథలో చచ్చినవాడి తల్లి ఒక్కసారి కూడా కనపడలేదు.

ఇదంతా పెద్దయ్యాక వచ్చిన తెలివి. దీనికి ఎదురు చెప్పేవాడొకడు నా జ్ఞాపకంలో ఉన్నాడు. వాడి మాట చెప్పకపోతే ఈ వ్యాసం ఒకవైపు తూకమే అవుతుంది.

ఎనిమిదో తరగతిలో నా పక్క బెంచీ వాడు పల్లె నుంచి వచ్చి చదువుకునేవాడు. పల్నాడు వైపు ఊళ్ళలో ముఠా కక్షలు అప్పటికి కొత్త కాదు. నాటుబాంబులన్న మాట మాకు క్రికెట్ బంతి అన్నంత మామూలుగా తెలుసు. ఆ ఏడు సంక్రాంతి వెళ్ళాక వాడి నాన్నని పొలం గట్టు మీద చంపేశారు. పెద్దకర్మ అయ్యాక వాడు గుండుతో బడికొచ్చాడు. మేమెవరం ఏం మాట్లాడాలో తెలీక ఊరుకున్నాం. మధ్యాహ్నం గంట కొట్టాక వాడే నా దగ్గరికొచ్చి, “ఒరే, ఆ షాడో పుస్తకం రెండో భాగం వచ్చిందంట్రా?” అన్నాడు.

నాకు ఒళ్ళు జలదరించింది. తెచ్చిచ్చాను. ఒక్క రాత్రిలో చదివేసి తెచ్చాడు. ఇంకోటి అడిగాడు. ఆ వేసవి దాకా వరుసపెట్టి చదివాడు. ఉండబట్టలేక ఒకరోజు అడిగాను, “నీకు ఇవి చదివితే ఏం అనిపించదేంట్రా?” అని. వాడు పుస్తకం మూసి, “దీంట్లో తేలిపోద్ది కదరా” అన్నాడు. అంతే. మళ్ళీ దాని గురించి మాట్లాడలేదు.

వాడి నాన్న కేసు ఏళ్ళ తరబడి తేలలేదు. చంపింది ఎవరో ఊరందరికీ తెలుసు. వాళ్ళు బెయిలు మీద వచ్చి అదే వీధిలో, అదే కొట్టు దగ్గర టీ తాగేవారు. వాయిదా ఉన్న రోజున వాళ్ళమ్మ బస్సు దిగి కోర్టు దగ్గర వేపచెట్టు కింద కూర్చునేది. సాక్షులు ఒక్కొక్కళ్ళే అడ్డం తిరిగారు. ఒకడు బంధువు, ఒకడికి అవతలివాళ్ళ దగ్గర పత్తి పెట్టుబడి అప్పు. ఆఖరికి కేసు కొట్టేశారు. అప్పటికి మావాడు డిగ్రీ పూర్తిచేశాడు.

ఇప్పుడు ఆ మాట తల్చుకుంటే నాకు రెండు సంగతులు తోస్తాయి. ఒకటి, చచ్చినవాడికి పేరు లేకపోవడం నాలాంటి పాఠకుడికి లోపం. పేరున్న చావుని ఇంట్లో పెట్టుకున్నవాడికి అదే ఊరట. రెండు వందల పేజీల్లో చెడ్డవాడు చచ్చి, లెక్క సరిపోయి, పుస్తకం పావలాతో తిరిగిచ్చేయగలిగిన ప్రపంచం వాడికి ఇంకెక్కడ దొరికేది? విమర్శకుడు ‘పలాయనం’ అని ఒక్క ముక్కలో కొట్టిపారేసేముందు, పారిపోయేవాడు దేన్నుంచి పారిపోతున్నాడో ఒకసారి వెనక్కి తిరిగి చూడాలి.

రెండోది, మన హంతక నవల ఎందుకు ఎప్పుడూ విమానమెక్కి హాంకాంగూ ఇస్తాంబులూ పోయిందో దీంతో తెలుస్తుంది. సత్తెనపల్లిలో హత్యకి మిస్టరీ లేదు. ఎవరు చంపారో తెల్లారేసరికి అందరికీ తెలుసు, ఎందుకో కూడా తెలుసు. యుగంధర్‌కి ఇక్కడ పని లేదు. షాడోకీ లేదు. ఎందుకంటే ఇక్కడ చచ్చినవాడు ‘మరొకడు’ కాడు, ఫలానావాళ్ళ అల్లుడు. అయిన గొడవని రాస్తే ఊళ్ళో తిరగలేరు. అందుకని రచయితలు శత్రువుని సరిహద్దు అవతల వెతుక్కున్నారు. అక్కడైతే ఎంతమంది చచ్చినా ఎవరూ వచ్చి అడగరు. చేతకానితనమని నేననను. భయం అనొచ్చు, లౌక్యమనీ అనొచ్చు. కాని దానివల్ల తెలుగు థ్రిల్లర్‌కి చేతిలో ఉన్న అసలు ఉత్కంఠ చేజారింది.

ఆ ఉత్కంఠ ఏమిటంటారా? ‘ది డే ఆఫ్ ది జాకాల్’ చివర చూడండి. అన్ని లెక్కలూ కట్టుకున్న జాకాల్ 1963 ఆగస్టు 25న పారిస్‌లో కిటికీలోంచి కాలుస్తాడు. గుండు తప్పిపోతుంది. పతకం తగిలించాక డిగాల్ ఆ వృద్ధ సైనికుడి చెంపలమీద ముద్దు పెట్టడానికి తల వంచుతాడు. అది ఫ్రెంచివాళ్ళ ఆచారం. ఇంగ్లీషువాడైన హంతకుడి లెక్కలోకి అది రాలేదు. తుపాకీ, పాస్‌పోర్టు, మారువేషం అన్నీ సరిపోయినా ఆ నేల అలవాటు వాణ్ణి ఓడించింది. ఆ నవలకీ లోపాలున్నాయి. హంతకుడికి లోపలి మనసంటూ లేదు. దారిలో తగిలిన ఆడమనిషి వాడికి రాత్రి తలదాచుకునే గది మాత్రమే, పని అయ్యాక చంపేస్తాడు. చివరికి వాణ్ణి గుర్తులేని గోతిలో పూడ్చేటప్పుడు కూడా అసలు పేరు ఎవరికీ తెలీదు. చిత్రం చూశారా, మన నవలల్లో పేరు లేనిది చచ్చినవాళ్ళకి, అక్కడ చంపేవాడికి. అయినా ఆ వంచిన తల ఒక్కటి చాలు, ఆ పుస్తకం ఒక ఊరిదీ ఒక జనానిదీ అని చెప్పడానికి.

మన ఊళ్ళోనూ అలాంటి వంచిన తలలున్నాయి. వరసలున్నాయి, అప్పులున్నాయి, పెట్టుపోతలున్నాయి. ఎవరు చంపారన్నది ఇక్కడ ప్రశ్న కాదు. బోనెక్కిన సాక్షి ఆ ఉదయం నోరు విప్పుతాడా లేదా అన్నదే ప్రశ్న. పత్తి కాటా దగ్గర అవతలివాడు రాత్రి వచ్చి ఏం మాట్లాడి వెళ్ళాడు? సాక్షి భార్య ఏమంది? బస్సు ఏ ఊళ్ళో ఆగింది, ఎవరు ఎక్కారు? ఇంతకన్నా ఊపిరి బిగబట్టించే కథ ఏ ఇస్తాంబులులో ఉంది? వేగం మన భాషలోనే ఉందని అద్దె కొట్టు నవలలు నిరూపించి పెట్టాయి. బరువు ఎలా ఉంటుందో కారెంపూడి పాటగాళ్ళు చూపించారు. ఈ రెండూ ఒకే పుస్తకంలో కలిసిన రోజు కోసం నేనింకా చూస్తున్నాను.

2022లో జిల్లాలు మారి సత్తెనపల్లి పల్నాడు జిల్లాలోకి వచ్చింది. అద్దె పుస్తకాల కొట్టు ఎప్పుడో పోయింది, ఇప్పుడక్కడ సెల్‌ఫోన్లు బాగుచేస్తారు. ఆ పుస్తకాలు చేతులు మారి మారి, నలిగి, ఏ పొట్లాలకో పోయాయి. గ్రంథాలయం అప్పుడు వాటిని దాచలేదు. ఇప్పుడు దాచాలన్నా అప్పటి ప్రతులు లేవు. మొన్న ఊరెళ్ళినప్పుడు మావాడు కలిశాడు. జుట్టు నెరిసింది. ఫోన్ తీసి చూపించాడు. అందులో షాడో నవలలు వరసగా ఉన్నాయి.

“ఇంకా చదువుతున్నావా?” అన్నాను.

“అమ్మ పోయాక మళ్ళీ మొదలెట్టా” అన్నాడు.

ఈసారి ఎందుకని అడగలేదు.